ఊరి నుంచి నాన్న వస్తే కౌబాయ్ మ్యూజియం చూపించండి

డాలస్‌కి కొత్తగా వచ్చి అమ్మానాన్నల్ని పిలిపించుకున్న తమ్ముళ్ళందరూ అడిగేది ఒకటే, అన్నా వీకెండ్ వీళ్ళని ఎక్కడికి తీసుకెళ్ళాలి అని. గుడి, మాల్, కాస్ట్‌కో అన్నీ అయిపోయుంటాయి. వాళ్ళు వ్యవసాయం చేసినవాళ్ళయితే ఐ-35 ఎక్కి మూడు గంటలు పైకి పోయి ఓక్లహోమా సిటీలో నేషనల్ కౌబాయ్ అండ్ వెస్టర్న్ హెరిటేజ్ మ్యూజియం చూపించండి. టోపీలు, తుపాకులేగా అనుకుని నేను ఏళ్ళ తరబడి వెళ్ళలేదు, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మా నాన్నది ఒంగోలు పక్కన పల్లె, జన్మంతా ఎడ్లతోనే గడిచింది. పెయింటింగులు దాటుకుంటూ పోయాడు గానీ తోలు సామాను దగ్గర కాలు కదపలేదు. పచ్చి తోలుని సన్నటి వార్లుగా కోసి అల్లిన తాడుని రియాటా అంటారు, లారియట్ అనే మాట అక్కడి నుంచే వచ్చింది, మెక్సికో పశువుల కాపర్లు నేర్పిన పని. నాన్న వంగి పాయలు లెక్కపెట్టి "పగ్గం పేనినవాడికే తెలుస్తుందిరా ఇది ఎంత పనో" అన్నాడు.

తర్వాత పశువులకి కాల్చి వేసే అచ్చులు. చూడగానే అచ్చోసిన ఆంబోతు గుర్తొచ్చింది ఇద్దరికీ. మన దగ్గర అచ్చేసి దేవుడి పేరున వదిలితే ఇక దానికి యజమాని లేనట్టు, ఇక్కడ అచ్చు ఉంటేనే యజమాని ఉన్నట్టు, ఎందుకంటే కంచెల్లేని రోజుల్లో అందరి మందలూ కలిసే మేసేవి. అచ్చులో అక్షరం పక్కకి పడుకుని ఉంటే దాని ముందు లేజీ అని చేర్చి చదవాలి, పిల్లలకి ఇది చెప్పండి, వెతుక్కుంటూ ఉంటారు. 1874లో జోసెఫ్ గ్లిడెన్‌కి ముళ్ళ తీగ పేటెంట్ వచ్చాక మేత బీళ్ళకి కంచెలు పడ్డాయి, ఆ తీగలే ఎన్ని రకాలున్నాయో అక్కడ.

హాల్లో 18 అడుగుల తెల్లటి విగ్రహం ఉంటుంది, ఎండ్ ఆఫ్ ద ట్రైల్, జేమ్స్ ఎర్ల్ ఫ్రేజర్ 1915 శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జిబిషన్ కోసం చేసింది. గుర్రమూ, దానిమీద నేటివ్ అమెరికన్ మనిషీ తల వాల్చేసి ఉంటారు. అమ్మ చాలాసేపు నిలబడిపోయింది. ఇక్కడొక మాట, మనం అలవాటుగా రెడ్ ఇండియన్ అనేస్తాం, దయచేసి అనకండి, అక్కడ మీ పక్కన నిలబడి చూస్తున్నది ఆ తెగల వాళ్ళే కావచ్చు, నేటివ్ అమెరికన్ అనండి. కౌబాయ్‌లంటే అందరూ తెల్లవాళ్ళే అనీ అనుకోకండి, నల్లవాళ్ళు చాలామంది, పరిగెత్తే ఎద్దు కొమ్ములు పట్టి పడేసే బిల్ పికెట్ వాళ్ళలో ఒకడు.

పిల్లలు విసిగిస్తే ప్రాస్పెరిటీ జంక్షన్‌కి పంపండి, పాతకాలం ఊరు మొత్తం లోపలే కట్టారు. సగం రోజు తక్కువ పెట్టుకోవద్దు, పెద్దవాళ్ళకి మెత్తటి బూట్లు వేయించండి.

సోమవారం సెలవు దొరికితే రాత్రికి అక్కడే ఉండి స్టాక్‌యార్డ్స్‌లో పశువుల వేలం కూడా చూడండి, అచ్చం మన సంతే. మేం చూసినప్పుడు మూపురమున్న గిత్త ఒకటి వచ్చింది, బ్రాహ్మన్ జాతి. ఇండియా నుంచి తెచ్చిన గిర్, గుజరాత్, కృష్ణా వ్యాలీ పశువులతో పాటు మన ఒంగోలు రక్తం కూడా కలిసిన జాతి అది, ఇక్కడ నెల్లూరు అంటారు మనదాన్ని. నాన్నకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఫోన్ నా చేతికిచ్చి ఆ మూపురం దగ్గరగా ఫోటో తియ్యి, మీ బాబాయికి పంపాలి అన్నాడు.