కాలేజీ మారిన తొలి క్వార్టర్‌లోనే మార్కులు తగ్గితే?

ప్రశ్న: నేను కాలిఫోర్నియాలో పెరిగిన తెలుగమ్మాయిని. ఖర్చు కలిసివస్తుందని ఇంటికి దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో (డిగ్రీ తొలి రెండేళ్ల చదువు చెప్పే స్థానిక ప్రభుత్వ కాలేజీ) రెండేళ్లు చదివి, రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఒక క్యాంపస్‌లో రసాయనశాస్త్రం మూడో సంవత్సరంలో చేరాను. నాలుగుకు 3.8 ఉన్న జీపీఏ మొదటి క్వార్టర్ ముగిసేసరికి 2.3కి పడిపోయింది. ల్యాబ్‌లో జట్టులోని అబ్బాయిలు పరికరాలు తామే తీసుకుని, రాతపని నాకూ, నాలాగే బదిలీ అయి వచ్చిన మెక్సికన్ అమెరికన్ స్నేహితురాలికీ వదిలేస్తారు. ఆసియావాళ్లకు లెక్కలు పుట్టుకతో వస్తాయనుకునే వారి మధ్య సందేహం అడగడానికి నాకు సిగ్గు. ఏదో కోటాలో వచ్చిందనుకుంటారని ఆమెకు భయం. ఆ కమ్యూనిటీ కాలేజీ వద్దని ముందే చెప్పానంటున్నారు నాన్నగారు. సబ్జెక్టు మార్చుకోమంటారా? పరిశోధన ల్యాబ్‌లో అవకాశం అడిగేటప్పుడు పాత కాలేజీ సంగతి చెప్పవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఒక్క క్వార్టర్ ఫలితాన్ని బట్టి సబ్జెక్టు మార్చుకోవద్దు. మీరు పోల్చుకుంటున్న ఆ రెండు అంకెలు అసలు ఒకే ఖాతాలోవి కావు. కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనిట్లు (క్రెడిట్లు) మీ వెంట వస్తాయి గాని, అక్కడి గ్రేడ్లు విశ్వవిద్యాలయం లెక్కించే జీపీఏలో కలవవు. మొదటి ఏడాది నుంచీ అక్కడే ఉన్నవారికి ఒక చెడ్డ క్వార్టర్ మిగతా ఆరింటిలో కలిసిపోతుంది. మీకు ఉన్నది అదొక్కటే కనుక అదే మొత్తంగా కనిపిస్తోంది. పదహారు వారాలకు పైబడిన సెమిస్టర్‌కు అలవాటుపడి, పది వారాల క్వార్టర్‌లో పడినవారికి ఊపిరి తీసుకునేలోపే మిడ్‌టర్మ్ వచ్చేస్తుంది. ఈ తడబాటుకు అమెరికాలో 1965 నుంచీ ‘ట్రాన్స్‌ఫర్ షాక్’ అనే పేరే ఉంది. మన వైపు డిప్లొమా తరువాత ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరినవారిని అడిగినా, అప్పటికే జట్లు కట్టేసుకున్న తరగతిలో నడుమ అడుగుపెట్టడం ఎలా ఉంటుందో చెబుతారు.

ఇంతకంటే ముఖ్యమైనది మీ ఇద్దరి మౌనం. 1970ల్లో బర్కిలీలో యూరి ట్రైజ్‌మన్ అనే గణిత బోధకుడు, కాల్క్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా ఎందుకు తప్పుతున్నారో, చైనీస్ అమెరికన్లు ఎందుకు రాణిస్తున్నారో తెలుసుకోవడానికి వారి చదువు తీరును దగ్గరుండి గమనించాడు. శ్రద్ధ లోపమనీ, ఇంటి ప్రోత్సాహం లేదనీ అధ్యాపకులు చెప్పిన కారణాలేవీ నిలవలేదు. నల్లజాతి విద్యార్థులు కష్టపడి, కానీ ఒంటరిగా చదివేవారు. చైనీస్ అమెరికన్లు విడిగా చదివాక కూడి కూర్చుని, ఒకరి తప్పు మరొకరు దిద్దుకునేవారు. ‘పుట్టుకతో వచ్చిన లెక్కలు’ అని మీకు అంటగడుతున్న దాని వెనుక ఉన్నది ఆ కూడి కూర్చోవడమే. ఈ వారమే మీరిద్దరూ ఆ పని మొదలుపెట్టి, మరో ఇద్దరిని చేర్చుకోండి.

స్త్రీ కావడం, శ్వేతేతర వర్గానికి చెందడం కలిసి విజ్ఞాన రంగంలో వేసే ముడిని ‘డబుల్ బైండ్’ అంటూ షర్లీ మాల్కమ్, మరో ఇద్దరు 1976లోనే ఒక నివేదిక రాశారు. ఆ మాట మనకు వర్తించదని తప్పించుకునే అలవాటు మనవాళ్లలో ఉంది. మీ ల్యాబ్ బల్ల దగ్గర జరుగుతున్నది మాత్రం అదే. పరికరాల పని, రాతపని వారంవారం చేతులు మారాలని టీఏకు (ల్యాబ్ నడిపే సహాయ బోధకులకు) క్వార్టర్ తొలివారంలోనే ఈమెయిల్ రాయండి. ఇక కోటా మాటంటారా, 1996లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 209 ప్రకారం కాలిఫోర్నియా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ప్రవేశాల్లో జాతి ప్రాతిపదికన ప్రాధాన్యం ఇవ్వడమే నిషిద్ధం. మీ స్నేహితురాలు తన మార్కులతోనే వచ్చింది.

వచ్చే క్వార్టర్‌లో రెండు ల్యాబ్ కోర్సులు ఒకేసారి తీసుకోకండి. ఆర్థిక సహాయం పూర్తిగా అందడానికి సాధారణంగా 12 యూనిట్లు కావాలి కనుక అంతకు తగ్గకుండా చూసుకోండి. కమ్యూనిటీ కాలేజీ నుంచి విశ్వవిద్యాలయానికి వెళ్లే బాటను 1960 నాటి ఉన్నత విద్యా మాస్టర్ ప్లాన్‌తో రాష్ట్రమే వేసిందని నాన్నగారికి చెప్పండి. రెండేళ్ల ఫీజుల తేడా ఆయనే కాగితం మీద వేసుకుంటారు.

పాత కాలేజీ సంగతి దాచవద్దు, అది ఎలాగూ ట్రాన్స్‌క్రిప్ట్‌లో కనిపిస్తుంది. అక్కడి చిన్న తరగతిలో ఏ పరికరాన్ని మీ చేతులతో నడిపారో దరఖాస్తు మొదటి పేరాలోనే రాయండి. రాయడం వసంతం దాకా ఆపకండి. పట్టా చేతికొచ్చేలోగా మీకు మిగిలిన వేసవి ఒక్కటే.