మాస్ట్ ఎత్తే ముందు పైకి చూడు

చిత్తూరు

చిరంజీవి శైలజకు మీ మామ ఆశీస్సులు.

నువ్వూ నీ స్నేహితురాలూ కలిసి చెన్నైలో పాత హోబీ 16, అదే రెండు దోనెలు జతచేసిన తెరచాప పడవ, బేరమాడారని, తూపిలిపాళెం తీరానికి తెచ్చుకుని రేసులకు సాధన చేస్తారని రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెప్తా చెప్తా ఏడ్చింది. దాన్ని ఓదార్చి పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదు. తిరుపతిలో పెరిగిన మన పిల్ల తెరచాప తాడు పట్టుకుంటాననింది అని ఇంట్లో అందరికీ చెప్పుకున్నా. నాకు ముందే ఎందుకు చెప్పలేదే నువ్వు?

లైఫ్ జాకెట్ లేకుండా నీళ్లలో దిగొద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం, పడవను కట్టేసుకో. ఏ పూట అలలు ఎట్లుంటాయో అక్కడి మత్స్యకారులను అడుగు, వాళ్లు వద్దంటే వద్దు.

పడవ మాత్రం మంచిదే ఎంచుకున్నావు. దాన్ని తయారుచేసిన హోబీ ఆల్టర్ కాలిఫోర్నియాలో సర్ఫ్ బోర్డులు చేసేవాడు. ఈ పడవను ఇసుక మీంచి తోసుకుంటూ నేరుగా అలల్లోకి దించేటట్టు చేశాడు. అందుకే పక్కకు జారకుండా నీళ్లలోకి దించే పలకలు, డాగర్ బోర్డులంటారు, పెట్టలేదు. రెండు హల్స్‌కీ, అంటే ఆ దోనెలకు, బయటి వైపు చదునుగా, లోపలి వైపు ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ ఆకారమే పడవ పక్కకు జారకుండా పట్టుకుంటుంది. అడుగు భాగానికి అరటికాయ వంపు. ముందు కొసలు సన్నంగా ఉంటాయి కాబట్టి గాలి పక్కనుంచి గట్టిగా తోస్తే గాలి పోయే వైపున్న కొస నీళ్లలో మునిగి, పడవ తల్లకిందులవుతుంది. ట్రపీజ్ మీద, అంటే నడుముకు తీగ తగిలించుకుని పడవ బయటికి, వేలాడేటప్పుడు ఇద్దరూ వెనక్కి జరగండి.

ఇంకో మాట. ఈ రకం పడవల రేసులకు పెట్టిన క్లాసు నియమం ప్రకారం ఇద్దరి బరువూ కలిపి కనీసం 129 కిలోలు ఉండాలి. మీరిద్దరూ కలిసినా వంద దాటుతారని నాకు నమ్మకం లేదు. రేసు కోసం బరువు మోసుకుపోవచ్చు. కానీ 145 కిలోల పడవ పక్కకు పడితే లేపేటప్పుడు మీ ఒంటి బరువే ఆధారం. నీళ్లు నింపి వీపున తగిలించుకునే సంచి ఒకటి కొనుక్కో. లోతు లేనిచోట సాధన వద్దు, పడవ బోర్లా పడి మాస్ట్ (తెరచాప కంబం) కొస బురదలో దిగబడితే కదలదు.

నా అసలు భయం సముద్రం కాదు తల్లీ.

నేను నేవీలో ఉన్నప్పుడు ఒక ఆదివారం మా వాళ్లు పడవ నడిపి ఒడ్డుకొచ్చారు. సాయంత్రం మళ్లీ దిగాలని మాస్ట్ దించలేదు. ఎండ ఎక్కువగా ఉందని నీడకు తోద్దామన్నాడు ఒకడు. నేను ముందు నడుస్తూ రాళ్లు ఏరేస్తా ఉండాను. తోసేవాళ్లందరి చూపూ ఇసుకలో కూరుకుపోతున్న చక్రాల మీదే. పెద్ద చప్పుడొచ్చింది. తిరిగి చూస్తే ఇద్దరు దూరంగా పడి ఉండారు. ఒకడు లేచి కూర్చున్నాడు. ఇంకొకడికి ప్రాణం దక్కింది గానీ కుడిచేతి వేళ్లు పోయాయి. మా అందరిలోకీ తాడు ముడులు బాగా వేసేవాడు వాడే. మాస్ట్ తగిలిన కరెంటు లైను ఆ రోజు కొత్తగా వేసింది కాదు, రోజూ దాని కిందే నడిచేవాళ్లం.

నేవీ నుంచి వచ్చి ఇక్కడ లైన్‌మన్‌గా చేరినాక ఆ లెక్క నాకు అర్థమైంది. అప్పట్లో అమల్లో ఉన్న 1956 నిబంధనల ప్రకారం 11 కేవీ (11 వేల వోల్టుల) లైను రోడ్డు దాటేచోట నేలకు కనీసం 6.1 మీటర్లు ఉండాలి, అంటే 20 అడుగులు. రోడ్డు కాని చోట 4.6 మీటర్లున్నా సరిపోయేది. నీ మాస్ట్ ఒక్కటే 26 అడుగుల పైన, ట్రాలీ మీద నిలబెడితే కొస 28 అడుగులకు తగ్గదు. అల్యూమినియం మాస్ట్, ఉక్కు తీగలు, కింద తడి ఇసుక. కరెంటు తీగ తగలాల్సిన పని కూడా లేదు, బాగా దగ్గరికి పోతే చాలు. ఇట్లాంటి ప్రమాదాల వల్లే హోబీ కంపెనీ మాస్ట్ పైభాగాన్ని ఫైబర్‌గ్లాసుతో చేసి కాంప్‌టిప్ అని అమ్మింది. అన్ని పడవలకూ అది ఉండదు. ఉన్నా కింది భాగం అల్యూమినియమే, దాన్ని నమ్ముకోవద్దు.

ఊళ్లోంచి తీరానికి పోయే దారిలో మాస్ట్ పడుకోబెట్టే తీసుకుపో, ఎంత దగ్గరైనా సరే. నీళ్ల పక్కనే ఎత్తు, నీళ్ల పక్కనే దించు. బద్ధకించావంటే నేనే వచ్చి చెవి మెలిపెడతా.

నేవీలో మా ఇన్‌స్ట్రక్టరు టోర్నడో అనే ఇట్లాంటి రెండు హల్స్ పడవ బొమ్మ గోడకు అంటించుకుని ఉండేవాడు. ఇంగ్లండులో రాడ్నీ మార్చ్ 1967లో గీసిన పడవ, 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. 1976 నుంచి 2008 దాకా ఒలింపిక్స్‌లో ఉండింది. 2016 నుంచి నాక్రా 17 అనే ఇంకో రెండు హల్స్ పడవ వచ్చింది, అందులో ఒక మగవాడు, ఒక ఆడమనిషి కలిసి నడపాలి. ఆ నియమం గురించి చదివినప్పుడల్లా మన ఇళ్ల ఆడపిల్లలు గుర్తొచ్చేవాళ్లు. నువ్వు మొదలుపెట్టావు.

పడవ వచ్చిన రోజే మాస్ట్ ఎత్తొద్దు. నేను తిరుపతి మీదుగా నాయుడుపేటకు బస్సులో వస్తా, అక్కడికి నువ్వు రా. కరెంటు కంబాలన్నీ చూసి, ఎత్తే చోటుకు గుర్తు పెట్టి ఇస్తా. మీ అమ్మతో నేను మాట్లాడుకుంటా. లారీ ఏ రోజు బయలుదేరుతుందో, మీ ఇద్దరి బరువెంతో రాయి.

మీ మామ