క్యాన్ నీళ్ళు పోస్తున్నా మోలీలు, గప్పీలు ఎందుకు చచ్చిపోతున్నాయి?

ఒంగోలులో ఉంటూ, మినరల్ వాటర్ క్యాన్లు కొని మరీ అక్వేరియంలో పోస్తున్నానంటున్నారు. అయినా మోలీలు, గప్పీలు అనే ఆ చిన్న చేపలు వారం తిరక్కుండానే పోతున్నాయి, ఏం మందు వేయాలని అడిగారు. మందు సంగతి తర్వాత, ముందు ఆ క్యాన్‌నే అనుమానించండి.

కావలిలో మా అక్క వాళ్ళింట్లో అచ్చం ఇదే కథ. మా బావకు అల్లూరు వైపు రొయ్యల గుంటలున్నాయి. గుంట నీళ్ళకు ఆయన చేయించని పరీక్ష లేదు. ఇంట్లో చేపలకు మాత్రం క్యాన్ నీళ్ళు, పిల్లలు ముచ్చటపడి పెంచుకుంటున్నారని. నేను వెళ్ళేసరికి ఒక నల్ల మోలీ రెక్కలు ముడుచుకుని, ముందుకు పోకుండా ఉన్నచోటే ఒళ్ళు అటూ ఇటూ ఊపుతోంది. "పొట్టతో ఉంది కదా, నొప్పులేమోరా" అంటుంది అక్క.

"బావా, గుంటల్లో మినరల్ బస్తాలు ఎందుకు చల్లతావు?" అన్నాను.

"చల్లకపోతే రొయ్యకు పెంకు ఎట్ట గట్టిపడతాది?"

"మరి వీటికి అక్కర్లేదా?"

బావ మాట్లాడకుండా లేచి వెళ్ళి స్కూటర్ డిక్కీలోంచి హార్డ్‌నెస్ కిట్, అంటే నీళ్ళలో ఖనిజాలెంతున్నాయో చూసేది, తెచ్చాడు. ఎర్రనీళ్ళు నీలంగా మారడానికి ఎన్ని ఎక్కువ చుక్కలు పడితే అంత గట్టి నీళ్ళని లెక్క. చిన్న సీసాలో అక్వేరియం నీళ్ళు పట్టి పొడి కలిపితే ఎర్రగా అయ్యాయి. ఒక చుక్క వేశాడు, ఇంకో చుక్క వేశాడు, అంతే, నీలంగా మారిపోయాయి. తర్వాత ఇంటి బోరు నీళ్ళు పట్టాడు. చుక్క మీద చుక్క వేస్తున్నా ఎరుపు దిగలేదు, మధ్యలో బావ లెక్క కూడా మర్చిపోయాడు. "ఆ క్యాన్ నీళ్ళల్లో ఏముందని బతకతాయి ఇవి!" అన్నాడు చివరికి, పోసింది ఇంకెవరో అయినట్టు.

గుడ్లు కాకుండా నేరుగా పిల్లల్నే పెట్టే ఈ చేపల పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగం. వీటికి కాల్షియం, మెగ్నీషియం ఉన్న గట్టి నీళ్ళు కావాలి, పీహెచ్ 7 పైనే ఉండాలి. మోలీలైతే సముద్రం కలిసే చోట ఉప్పు నీళ్ళలోనూ తిరుగుతాయి. క్యాన్ నీళ్ళు తయారుచేసే ఆర్‌ఓ ప్లాంటు వాడు ఆ ఖనిజాలు దాదాపు అన్నీ తీసేసి మనకు అమ్ముతాడు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ బాధకు మనుషులు ఆ నీళ్ళు తాగడంలో అర్థముంది. ఆ అలవాటు చేపల దాకా పాకించడమే మన తెలివి.

అక్క వాళ్ళ బోరు నీళ్ళు ఒక్కసారే పోయనివ్వలేదు నేను. రోజుకో చెంబు చొప్పున కలుపుతూ పోయాం. రొయ్య సీడ్ (రొయ్య పిల్లల) సంచుల్ని గుంటలో తేలేసి నీళ్ళకు అలవాటు చేసే బావకు ఇది నేను చెప్పాలా! ఊగే మోలీ పోయింది, దాన్ని కాపాడలేకపోయాం. మిగిలినవి తేరుకుని, పిల్లల్ని కూడా పెట్టాయి. నాచు దట్టంగా ఉండబట్టి కొన్ని దక్కాయి, లేకపోతే కన్నతల్లే మింగేస్తుంది. మగ గప్పీని తీసేశాం, ఇక పిల్లలు ఉండవని మాత్రం అనుకోకండి. ఆడది ఒక్కసారి కలిస్తే నెలల తరబడి ఆ వీర్యాన్ని దాచుకుని మళ్ళీ మళ్ళీ పెడుతుంది.

షాపుల వాళ్ళ మీద నాకు వేరే మంట ఉంది. గప్పీలతో పాటు టైగర్ బార్బ్ అనే చేపను అంటగడతారు, అది ఆ తోకల్ని పీక్కుతింటుంది. గప్పీలకు 22 నుంచి 28 డిగ్రీలు హాయి. మే నెలలో నీళ్ళు వేడెక్కి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచే నెల్లూరులో హీటర్ అమ్మేవాడికి దండం పెట్టాలి. ఆదివారం ఆదివారం నీళ్ళన్నీ పారబోసి, ఫిల్టర్ స్పాంజిని కొళాయి కింద సబ్బు పెట్టి ఉతకమని చెప్పేదీ వీళ్ళే. చేపల విసర్జన నుంచి వచ్చే విషం అమ్మోనియా, దాన్ని విరిచే బాక్టీరియా ఎక్కువగా ఉండేది ఆ స్పాంజిలోనే! వారానికి పావు వంతు నీళ్ళు మార్చి, తీసిన నీళ్ళలోనే స్పాంజిని పిండండి.

మీది ఒంగోలు కాబట్టి ఒక జాగ్రత్త. సముద్రం వైపు బోర్లు కొన్ని మరీ ఉప్పన. రొయ్యల మేత అమ్మే చోట్ల ల్యాబులుంటాయి, ఒక సీసాలో బోరు నీళ్ళు పట్టుకెళ్ళి హార్డ్‌నెస్, ఆల్కలినిటీ, ఉప్పు చూపించండి. మరీ ఉప్పుంటే అప్పుడు సగానికి సగం క్యాన్ నీళ్ళు కలుపుకోండి. మున్సిపాలిటీ నీళ్ళు వాడితే క్లోరిన్ పోయే చుక్కలు వేయడం మర్చిపోకండి.