కొత్త జావా సాధన: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

మీ బృందం జావా ప్రోగ్రామింగ్ భాషలో 8వ వెర్షన్ నుంచి 21కి మారిందనీ, మధ్యలో వచ్చినవన్నీ వరుసగా నేర్చుకోవడానికి ఒక పట్టిక వేసుకున్నాననీ రాశావు. పట్టిక చూశాను, ముచ్చటగా ఉంది. దాన్ని పక్కన పెట్టు. వెర్షన్ల వరుసలో వెళితే 9లో వచ్చిన మాడ్యూళ్ల (పెద్ద కోడ్‌ను విడి భాగాలుగా కట్టే పద్ధతి) దగ్గరే నీ ఉత్సాహం సగం కరిగిపోతుంది. నువ్వు చెప్పిన పనిని బట్టి చూస్తే వాటితో నీకు అవసరం పడేది తక్కువే. జావా 8 వచ్చింది 2014 మార్చిలో, 21 వచ్చింది 2023 సెప్టెంబరులో. ఈ తొమ్మిదిన్నరేళ్లలో చేరిన వాటిలో నువ్వు రోజూ కోడ్ రాసే తీరును మార్చేవి అయిదారుకు మించవు. మిగతావి అవసరం పడిన రోజున చదువుకోవచ్చు.

వీడియోలు చూస్తున్నప్పుడు అర్థమవుతోంది గానీ వారం తిరిగేసరికి గుర్తుండడం లేదన్నావు. ఎలా ఉంటుంది తల్లీ, వాటిలో చూపించేది ఎప్పుడూ పనిచేసే కోడే కదా. ఒక ఫీచర్ ఏమి చేయనిస్తుందో చూస్తే దాని రూపం తెలుస్తుంది. ఏమి చేయనివ్వదో చూసినప్పుడే అది ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. అందుకని నేను చెప్పే సాధన అంతా ఒకే పద్ధతిలో ఉంటుంది. నీ పాత కోడ్ ఒకటి తీసుకో, కొత్త ఫీచర్‌తో తిరగరాయి, ఆ తర్వాత దాన్ని కావాలని చెడగొట్టు. కంపైలర్ (కోడ్‌ను పరీక్షించి నడిచే రూపంలోకి మార్చే పనిముట్టు) ఎక్కడ అడ్డుపడిందో, ఎక్కడ నోరు మెదపకుండా ఊరుకుందో రెండూ రాసి పెట్టుకో.

పాత కోడ్ అన్నాను, పుస్తకాల్లోని అభ్యాసాలు అనలేదు. వృత్తం, చతురస్రం, కుక్క, పిల్లి ఉదాహరణల్లో ఏ ఫీచరైనా అందంగానే కనిపిస్తుంది. వాటిలో ఇరుకులు ఉండవు. నువ్వు కొన్నేళ్ల కిందట రాసిన చిన్న ప్రోగ్రాములు ఏవో ఉండే ఉంటాయి. వాటిలో టెస్టులు ఉన్నదాన్ని ఎంచుకో. లేకపోతే ముందు టెస్టులు రాయి, ఎందుకంటే తిరగరాసిన తర్వాత కూడా ప్రోగ్రాము మునుపటిలాగే నడుస్తోందని నీకు చెప్పగలిగేవి అవే. ఆఫీసు కోడ్‌ను మాత్రం ఇంటికి తెచ్చుకోకు.

పనిముట్లు ఇప్పటికే నీ దగ్గర ఉన్నాయి. జావా 9 నుంచి జేషెల్ వస్తోంది, ఒక్కొక్క వాక్యం రాసి ఫలితం అక్కడికక్కడే చూడవచ్చు. 11 నుంచి ఒకే ఫైలులో ఉన్న ప్రోగ్రామును విడిగా కంపైల్ చేయకుండానే జావా ఆదేశంతో నేరుగా నడపవచ్చు. చిన్న సందేహం తీర్చుకోవడానికి పెద్ద ప్రాజెక్టు తెరవక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు ప్రివ్యూ సంగతి తెలుసుకో. 2017 తర్వాత జావా ఆరు నెలలకొకసారి, మార్చిలోనూ సెప్టెంబరులోనూ వస్తోంది. కొత్త ఫీచర్లు చాలావరకు మొదట ప్రివ్యూగా వస్తాయి, ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప కంపైల్ కావు. ప్రివ్యూలో ఉన్నది మారవచ్చు, పూర్తిగా పోవచ్చు కూడా. స్ట్రింగ్ టెంప్లేట్లు 21లోనూ 22లోనూ ప్రివ్యూగా ఉన్నాయి, 23లో తీసేశారు. వాటి మీద చేయి తిప్పుకున్నవాళ్ల శ్రమ అంతా అక్కడితో సరి. కాబట్టి నీ వెర్షన్‌లో ఖరారైనవాటినే సాధన చేయి. ప్రివ్యూలో ఉన్నవాటిని కుతూహలం కొద్దీ చదువుకో, చాలు.

ఇక అసలు పని. రికార్డులు (డేటా మోయడానికే ఉన్న క్లాసులు), సీల్డ్ ఇంటర్‌ఫేస్‌లు (తమ కింద ఏయే రకాలు ఉండవచ్చో ముందే చెప్పేవి), స్విచ్‌లో ప్యాటర్న్ మ్యాచింగ్ (వస్తువు రకాన్ని బట్టి దారి ఎంచుకోవడం) అనే మూడూ వేర్వేరు వెర్షన్లలో ఖరారయ్యాయి. మొదటిది 16లో, రెండోది 17లో, మూడోది 21లో. పట్టికలో దూరదూరంగా ఉన్నాయని విడివిడిగా నేర్చుకోకు, ఇవి ఒకే కుటుంబం. నీ సమయంలో ఎక్కువ భాగం వీటికే ఇవ్వమంటాను.

రికార్డుతో మొదలుపెట్టు. నీ పాత కోడ్‌లో కేవలం డేటా మోసే క్లాస్ ఒకటి వెతుకు, అరవై డెబ్బై లైన్లలో గెటర్లు, ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ నింపుకుని కూర్చున్నది. దాన్ని రికార్డుగా మారిస్తే ఒక్క లైనవుతుంది. ఆ ఆనందం అయిపోయాక చెడగొట్టడం మొదలుపెట్టు. ఒక ఫీల్డు విలువను మార్చబోయి చూడు, కుదరదు. వేరే క్లాస్ నుంచి ఎక్స్‌టెండ్ చేయబోయి చూడు, కుదరదు. ఇంకో ఇన్‌స్టెన్స్ ఫీల్డు కలపబోయి చూడు, అదీ కుదరదు. ఈ మూడు నిరాకరణలనూ కలిపి చదివితే రికార్డు అంటే ఏమిటో తెలిసిపోతుంది. శీర్షికలో రాసినదే దాని సర్వస్వం, అంతకు మించి అది ఏదీ దాచుకోదు.

తర్వాత కంపైలర్ ఊరుకునే చోటు చూడు. రికార్డులో ఒక లిస్టు పెట్టి, బయట నుంచి ఆ లిస్టుకు ఇంకో అంశం చేర్చు. రికార్డు మారిపోయినట్టే కనిపిస్తుంది, ఏ ఎర్రరూ రాదు. మారనిది లోపలి రిఫరెన్స్ మాత్రమే, అది చూపించే వస్తువు కాదు. కాంపాక్ట్ కన్‌స్ట్రక్టర్‌లో (రికార్డు తయారయ్యేటప్పుడు నడిచే చిన్న భాగంలో) లిస్ట్ కాపీఆఫ్‌తో నకలు తీసుకుంటే ఈ లొసుగు పోతుంది. అప్పుడు ఆ లిస్టులో నల్ (ఏ వస్తువూ లేదనే గుర్తు) ఒకటి పెట్టి చూడు, కాపీఆఫ్ ఒప్పుకోదు. రికార్డులో లిస్టుకు బదులు అర్రే పెట్టి రెండు రికార్డులను పోల్చు. లోపలి విలువలు ఒకటే అయినా రెండూ సమానం కావంటుంది. ఇవన్నీ ఒక సాయంత్రం పని. ఇంకొక హెచ్చరిక: రికార్డు మీద మోజుతో జేపీఏ ఎంటిటీలను (డేటాబేస్ పట్టికలకు ప్రతిరూపాలైన క్లాసులను) కూడా మార్చబోకు. వాటికి ఆర్గ్యుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్ కావాలి, క్లాస్ ఫైనల్‌గా ఉండకూడదు. రికార్డు ఈ రెండింటికీ పొసగదు.

ఇప్పుడు సీల్డ్, స్విచ్ కలిపి. చెల్లింపుల ఉదాహరణ తీసుకుందాం. చెల్లింపు అనే సీల్డ్ ఇంటర్‌ఫేస్, దాని కింద నగదు, కార్డు, ఖాతా బదిలీ అని మూడు రికార్డులు. రుసుము లెక్కించడానికి ఒక స్విచ్, రసీదు రాయడానికి ఒకటి, నివేదికకు ఒకటి. మూడింటిలోనూ డిఫాల్ట్ (ఏ కేసులోనూ పడనివాటిని పట్టే దారి) రాయకు. ఇది ముఖ్యం. అన్నీ కంపైలై, టెస్టులు పాసయ్యాక నాలుగో రకం ఒకటి చేర్చు, వోచర్ అనుకో. కంపైల్ చేయగానే మూడు చోట్లా, ఈ స్విచ్ అన్ని సందర్భాలనూ చూడడం లేదన్న ఎర్రర్ వస్తుంది. పాత పద్ధతిలో ఇన్‌స్టెన్స్‌ఆఫ్‌తో రకాన్ని ఒక్కొక్కటిగా అడుగుతూ మెట్లు కట్టినప్పుడు ఇదే మార్పుకు ఎక్కడెక్కడ తడమాల్సి వచ్చేదో నీకు తెలుసు.

ఆ ఎర్రర్లను సరిచేయకుండా మూడు స్విచ్‌లకూ ఒక్కొక్క డిఫాల్ట్ కలిపి మళ్లీ కంపైల్ చేయి. ఒక్క ఎర్రరూ ఉండదు. వోచర్‌కు రుసుము ఎంత పడాలో ఎవరూ ఆలోచించలేదు, అయినా ప్రోగ్రాము హాయిగా నడుస్తుంది. చాలామంది సీల్డ్ రాసి కూడా అలవాటుగా డిఫాల్ట్ పెడతారు. తలుపుకు గొళ్లెం బిగించి కిటికీ తెరిచి వెళ్లినట్టు. ఈ ఒక్క ప్రయోగం నీ చేత్తో చేసి చూస్తే ఆ అలవాటు నీకు అంటదు.

ఇక్కడే ఇంకో మూడు చూడు. మొదటిది, స్విచ్‌కు నల్ ఇవ్వు. కేస్ నల్ అని విడిగా రాయకపోతే నల్‌పాయింటర్ ఎక్సెప్షన్ వస్తుంది. రెండోది, వెన్ షరతు ఉన్న కేసును షరతు లేని అదే రకం కేసు కింద పెట్టు. పైది కిందిదాన్ని మింగేస్తోందని కంపైలర్ ఆపేస్తుంది. మూడోది కాస్త ఓపిక కావాలి. ఇంటర్‌ఫేస్‌నూ కొత్త రకాన్నీ మాత్రమే కంపైల్ చేసి, స్విచ్ ఉన్న ఫైలును పాతగానే వదిలేసి, వోచర్‌ను దానిలోకి పంపు. అప్పుడు మ్యాచ్ ఎక్సెప్షన్ వస్తుంది. కంపైలర్ హామీ కంపైల్ చేసిన రోజుకే వర్తిస్తుంది. మీ దగ్గర లైబ్రరీలు వేర్వేరు జార్ ఫైళ్లుగా విడుదలవుతుంటే ఈ సంగతి గుర్తుంచుకో.

నువ్వు కళాశాలలో చదివిన పాఠం ఇప్పుడు అడ్డొస్తుందని నాకు తెలుసు. రకాన్ని బట్టి స్విచ్ రాయడం తప్పు, ప్రతి క్లాసూ తన పని తనే చేసుకోవాలి, పాలీమార్ఫిజం అంటే అదే కదా మామయ్యా అంటావు. ఆ పాఠం తప్పు కాదు, దానికి ఒక హద్దు ఉంది. కొత్త రకాలు తరచుగా వస్తూ, వాటిని ఇతరులు కూడా చేర్చగలిగితే పనిని క్లాస్ లోపలి మెథడ్‌లోనే ఉంచు. రకాలు దాదాపు స్థిరంగా ఉండి వాటి మీద చేసే పనులు పెరుగుతుంటే సీల్డ్, స్విచ్ జత నయం. చెల్లింపుల ఉదాహరణనే రెండు విధాలుగానూ రాయి. రెండింటికీ ఒక కొత్త రకం, ఒక కొత్త పని చేర్చి, ఎన్ని ఫైళ్లు ముట్టుకోవలసి వచ్చిందో లెక్కపెట్టుకో. ఎవరు ఏ వాదన చేసినా ఆ లెక్క ముందు నిలవదు.

రికార్డ్ ప్యాటర్న్‌లతో రికార్డును విప్పి లోపలి విలువలను నేరుగా అందుకోవచ్చు. బాగుంటుంది గానీ రికార్డుకు కొత్త అంశం కలిపిన రోజున విప్పిన ప్రతి చోటా మార్చాలి. పైగా అక్కర్లేని అంశాన్ని అండర్‌స్కోర్‌తో వదిలేసే వెసులుబాటు ఖరారైంది 22లో. నీ 21లో అన్నింటికీ పేర్లు పెట్టక తప్పదు. రెండు మూడు అంశాలున్న చిన్న రికార్డులకే దీన్ని వాడు.

వార్ (రకం పేరు రాయకుండా కంపైలర్‌కే వదిలేయడం), టెక్స్ట్ బ్లాకులకు (పలు లైన్ల స్ట్రింగులకు) ఒక గంట చాలు. వార్‌ను ఫీల్డుకు, మెథడ్ పారామీటర్‌కు పెట్టి కంపైలర్ చేత కాదనిపించుకో. తర్వాత ఖాళీ కోణాల బ్రాకెట్లతో ఒక అర్రేలిస్ట్‌ను వార్‌లోకి తీసుకుని అది ఏ రకమని అడుగు. ఆబ్జెక్ట్‌ల లిస్ట్ అంటుంది, నువ్వు అనుకున్నది అది కాదు. కుడివైపు చూడగానే రకం తెలిసే చోటే వార్ రాయి.

స్ట్రీములు (డేటాను వరుస దశల్లో వడకట్టి మార్చే పద్ధతి) కొత్తవి కావు, 8లోనే ఉన్నాయి. అయినా మీ బృందంలో వాటిని మొక్కుబడిగా వాడుతున్నారని నీ ఉత్తరం చూస్తే అనిపించింది. ప్రతి లూపునూ స్ట్రీముగా మార్చే సాధన మాత్రం చేయకు. మధ్యలో ఆగిపోవలసినవి, బయటి విలువలను మార్చేవి, ఎక్సెప్షన్లు విసిరేవి లూపులుగానే చదవడానికి తేలిక. మార్చదగినవి మార్చాక, 16లో స్ట్రీముకు వచ్చిన టులిస్ట్ మెథడ్‌ను పెట్టి ఆ ఫలితానికి ఒక అంశం చేర్చబోయి చూడు. అన్‌సపోర్టెడ్ ఆపరేషన్ అంటుంది. పాత కలెక్టర్స్ టులిస్ట్ నిన్న మొన్నటి దాకా ఆ పని చేయనిచ్చింది కాబట్టి, చూడకుండా ఒకదాని చోట ఇంకొకటి పెట్టిన కోడ్ నడిచేటప్పుడు కూలుతుంది. కంపైలర్ ఇక్కడ నీకేమీ చెప్పదు.

వర్చువల్ థ్రెడ్లను (జావాయే నడిపే తేలికపాటి థ్రెడ్లను) మాటలతో కాదు, గడియారంతో నేర్చుకో. ఒక్కొక్కటి ఒక సెకను నిద్రపోయే పనులు పదివేలు తయారుచేయి. వంద థ్రెడ్ల పూల్‌కు ఇస్తే నూరు సెకన్లు పడుతుంది. పనికొక వర్చువల్ థ్రెడ్ ఇచ్చే ఎగ్జిక్యూటర్‌కు ఇస్తే రెండు మూడు సెకన్లలో ముగుస్తుంది. ఇక్కడితో చాలామంది ఆగి చప్పట్లు కొడతారు. నువ్వు నిద్ర తీసేసి దాని చోట ప్రధాన సంఖ్యలు వెతికే లెక్క పెట్టు. లాభం మాయం. వర్చువల్ థ్రెడ్ ఎదురుచూపును చౌక చేస్తుందే గాని లెక్కను వేగవంతం చేయదు. ఆ తర్వాత పనులను కొన్ని వందలకు తగ్గించి, ఒక్కొక్కటీ తన సొంత తాళం మీద సింక్రనైజ్డ్ బ్లాకులో నిద్రపోయేలా రాయి. 21లో వేగం పడిపోతుంది, ఎందుకంటే ఆ బ్లాకులో ఉన్నంతసేపూ కింది అసలు థ్రెడ్ కదలకుండా ఇరుక్కుంటుంది. ఈ ఇబ్బందిని 24లో తొలగించారు. అన్నట్టు, వర్చువల్ థ్రెడ్లను పూల్ చేయడం అనవసరం. డేటాబేస్ మీద ఒత్తిడి పడకుండా ఆపాలంటే సెమఫోర్ (ఒకేసారి ఎన్ని పనులు లోపలికి వెళ్లవచ్చో నియంత్రించేది) వాడు.

ప్రతి ఫీచర్‌కూ జేఈపీ, అంటే ఆ మార్పును ప్రతిపాదించి వివరించే పత్రం, ఉంటుంది. రికార్డులకు 395, సీల్డ్‌కు 409, స్విచ్ ప్యాటర్న్‌లకు 441, వర్చువల్ థ్రెడ్లకు 444. ముందు చెడగొట్టి చూడు, ఆ తర్వాతే చదువు. సొంతంగా నాలుగు ఎర్రర్లు తిన్న తర్వాత, ఆ పత్రంలో ఈ ఫీచర్ ఎందుకు కావలసివచ్చిందో వివరించే భాగం కథలా సాగుతుంది. ముందే చదివితే నిద్ర వస్తుంది.

నువ్వు వాడే ఎడిటర్ దీన్ని రికార్డుగా మార్చనా, దాన్ని స్విచ్‌గా మార్చనా అని పసుపు గీతలతో వేధిస్తుంది. సాధన సమయంలో ఆ సూచనలు ఆపేయి. ఆఫీసులో వాడుకో, తప్పు లేదు.

ఆఫీసు అంటే గుర్తొచ్చింది. నేర్చుకున్న ఉత్సాహంలో రెండు వందల ఫైళ్లను ఒకేసారి మార్చి రివ్యూకు పెట్టకు. ఎవరూ చదవరు, చదివినా ఒప్పుకోరు. కొత్తగా రాసే కోడ్‌లో ముందు వాడు. పాతదాన్ని ముట్టుకోవలసి వచ్చినప్పుడు రూపం మార్చే కమిట్ వేరు, పని మార్చే కమిట్ వేరుగా ఉంచు. మీ పెద్ద ఇంజనీరుకు సీల్డ్ అంటే గిట్టదన్నావు కదా, ఆయనతో వాదించకు. వోచర్ చేర్చినప్పుడు వచ్చిన మూడు ఎర్రర్లూ ఆయనకు చూపించు.

ఈ వారం రికార్డుతో మొదలుపెట్టు. వచ్చే ఉత్తరంలో కంపైలర్ అడ్డుపడిన చోట్ల జాబితా ఒకటి, ఊరుకున్న చోట్ల జాబితా ఒకటి పంపు. రెండోదే ముందు చదువుతాను.

మీ
మామయ్య