పాత నెగెటివ్‌ల పెట్టెలు తెరవబోయే ముందు

చిరంజీవి చిన్నికి, మామయ్య ఆశీస్సులు.

కాలేజీ స్టోరు గదిలో పడి ఉన్న నా కాలపు నెగెటివ్‌లన్నీ స్కాన్ చేసి పుస్తకంగా తెస్తున్నావని మీ అమ్మ చెప్పింది. విన్న దగ్గర్నుంచి నాకు కుదురు లేదు. ఇంతమందిలో నీకే ఆ బుద్ధి పుట్టిందని పొంగిపోయాను. చోటు ఖాళీ అవుతుందని ఎవరైనా నీ చేత సగం పారేయిస్తారేమోనని భయం కూడా పట్టుకుంది.

నూలు గ్లోవ్స్ వేసుకో. ఫిల్మును అంచుల దగ్గరే పట్టుకో. మెరుపు లేని వైపు ఎమల్షన్, అంటే బొమ్మ ఉండే పూత, దాన్ని ముట్టుకోకు. 35 మిల్లీమీటర్ల ఫిల్మును 4000 డీపీఐలో, అంటే అంగుళానికి 4000 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే ఒక్కో ఫ్రేముకు రెండు కోట్ల పిక్సెళ్లు దాటుతాయి, అంతకు మించి ఆశపడకు. పెట్టె తెరవగానే వెనిగర్ వాసన కొట్టిందంటే అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము చెడిపోతోందన్నమాట. ఆ ఆవిరి పక్కవాటినీ పాడుచేస్తుంది కాబట్టి వాటిని విడిగా పెట్టి ముందు అవే స్కాన్ చెయ్యి. కిటికీలు తెరిచి కూర్చో. నీకు చిన్నప్పటి నుంచీ దుమ్ము పడదు, మాస్కు లేకుండా ఆ గదిలోకి వెళ్లావని తెలిస్తే ఊరుకోను.

1970లు, 80ల నాటి కలర్ ప్రింట్లు ఎర్రబడి ఉంటాయి. వాటిలో సయాన్ రంగు, అంటే ఆకుపచ్చ కలిసిన నీలం, ముందుగా వెలిసిపోతుంది. సరిదిద్దు, కానీ ఆ వంకతో ఎవరినీ తెల్లగా చేయకు.

అసలు సంగతికి వస్తాను. నాకు ముందు ఆ కాలేజీలో ఫొటోలు తీసినాయన చెయ్యి గొప్పది. నేను డార్క్‌రూమ్‌లో ఆయనకు సాయం చేసేవాణ్ని. ఆయనకొక అలవాటు ఉండేది. ఫిల్ము ఆరగానే కత్తెర తీసుకుని బాగా వచ్చిన ఫ్రేమును ఒక్కదాన్నే కత్తిరించి, కవరులో పెట్టి, పైన ‘గ్రూప్ ఫొటో’ అని రాసేవారు. తేదీ ఉండదు, పేర్లుండవు. మిగతాదంతా చెత్తబుట్టలోకి! ఆ మిగతాదాంట్లో ఏముండేదో నేను చూశాను. అందరూ సర్దుకోక ముందు పొడుగువాళ్లను వెనక్కి నెట్టడం, ఒకే దువ్వెన నలుగురి చేతులు మారడం, ప్రిన్సిపాల్ రాకముందు లెక్చరర్లు పగలబడి నవ్వడం. బెంచీలు మోసుకొచ్చి వరుసగా వేసే అటెండరు కూడా వాటిలోనే ఉండేవాడు. అందరూ సిద్ధమయ్యేసరికి ఆయన పక్కకు తప్పుకునేవాడు మరి.

ఆ అటెండరు పోయాక కొడుకు వచ్చాడు. ఇంట్లో పెట్టుకోవడానికి నాన్న ఫొటో ఒకటి కావాలన్నాడు. కవర్లన్నీ తిరగేశాం. ఏళ్ల తరబడి ప్రతి గ్రూప్ ఫొటోకూ బెంచీలు వేసిన మనిషి ఒక్కదాంట్లోనూ లేడు. చివరికి ఒక ఫ్రేము అంచున బెంచీ కోడు పట్టుకున్న చెయ్యి కనిపించింది. వేలి ఉంగరం చూసి ఆ అబ్బాయి గుర్తుపట్టాడు. అదే పెద్దది చేసి ఇమ్మన్నాడు. ఎర్ర దీపం కింద ట్రేలో ఆ చెయ్యి తేలుతుంటే మా గురువుగారు బయటికి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆయన కత్తెర ముట్టగా నేను చూడలేదు.

అందుకే నా కవర్లు లావుగా ఉంటాయి, విసుక్కోకు. 36 ఫ్రేముల రీలును ఆరేసి చొప్పున ఆరు ముక్కలు చేసి, ఒక్కటీ వదలకుండా దాచాను. మసకగా వచ్చినవీ, కళ్లు మూసుకున్నవీ అన్నీ స్కాన్ చెయ్యి. అంచు మీది నంబర్ల వరుస చెడగొట్టకు. ఏది ముందో ఏది వెనకో చెప్పేది అదే.

పేర్ల పని రేపటికి వాయిదా వేయకు. గుర్తుపట్టగలిగిన వాళ్లు తగ్గిపోతున్నారు. ప్రింట్లు పట్టుకుని ఇళ్లకు వెళ్లు. ‘మీరెక్కడున్నారు?’ అంటే వేలు పెట్టి చూపించి ఊరుకుంటారు. ‘మీ పక్కన ఎవరు?’ అని అడుగు, సాయంత్రం దాకా చెబుతారు. వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయి, బాల్‌పెన్ను అచ్చు ముందు వైపుకు దిగుతుంది.

లైబ్రరీ మెట్ల మీద ఇద్దరు కూర్చున్న ఫొటో ఒకటి దొరుకుతుంది. నేను తీసిన వాటిలో మంచిదదే. కానీ వాళ్లిద్దరికీ వేరువేరు పెళ్లిళ్లయ్యాయి. ఇద్దరినీ అడగకుండా పుస్తకంలో వేశావో, నీతో మాట్లాడను.

స్కాన్ అయిపోయింది కదా, ఇక ఫిల్ములెందుకని ఎవరో ఒకరు తప్పక అంటారు. వాదించకు, నాకు ఫోను చెయ్యి. మీ అత్తయ్య నా మంచం కింద చోటు చేస్తోంది. అటక మీద పెడదామంది కానీ, అక్కడి వేడికి పాడైపోతాయని నేనే వద్దన్నాను.

ఆశీస్సులతో,
మామయ్య