ఓడెక్కే ముందు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ పేజీలోనే మా అమ్మానాన్నల్ని తీసుకుని సియాటెల్ నుంచి అలాస్కాకి ఏడు రాత్రుల క్రూజ్ వెళ్లొచ్చిన కబుర్లు రాశాను కదా. గ్లేసియర్ల (మంచు నదుల) గురించి ఎవరైనా అడుగుతారేమో అని ఎదురుచూశా, ఒక్కరూ అడగలేదు. వచ్చిన ఉత్తరాలన్నీ వీసా, పెరుగన్నం, బాత్రూమ్, ఈ మూడింటి చుట్టూనే. తప్పేం లేదు, వెళ్లేముందు నేనూ రాత్రుళ్లు కూర్చుని వెతుక్కుంది వీటినే. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి జవాబులు చెప్తున్నా, అన్నిటికంటే ఎక్కువమంది అడిగింది ముందు.

ప్రశ్న: మా ఇద్దరికీ అమెరికా విజిటర్ వీసా పదేళ్లది ఉంది. అబ్బాయి జూన్‌లో సియాటెల్ నుంచి అలాస్కా ఓడ బుక్ చేశాడు. అలాస్కా కూడా అమెరికానే కదమ్మా, ఇంకే వీసా అక్కర్లేదుగా? (తణుకు నుంచి ఒక రిటైర్డ్ టీచర్ గారు)

అక్కర్లేదనుకునే చాలామంది రేవు దాకా వచ్చి ఆగిపోతున్నారు మాస్టారూ. అలాస్కా అమెరికానే, ఓడే అమెరికాది కాదు. ఈ పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి దేశాల జెండాతో తిరుగుతాయి. అలాంటి ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, అమెరికా ఊళ్లు చూపించి, మళ్లీ అమెరికాలోనే దింపాలంటే మధ్యలో ఒక్క విదేశీ రేవైనా తాకాలని 1886 నాటి చట్టం ఒకటి ఉంది. అందుకే సియాటెల్ ఓడలు సాధారణంగా చివరి సాయంత్రం కెనడాలో విక్టోరియా అనే ఊళ్లో నాలుగైదు గంటలు ఆగుతాయి. ఆ నాలుగైదు గంటల కోసం మన పాస్‌పోర్టు వాళ్లకి కెనడా విజిటర్ వీసా ఉండాలి. "మేం దిగం, రూములోనే కూర్చుంటాం" అంటే కుదరదు, సియాటెల్‌లో చెకిన్ దగ్గరే ఆపేస్తారు.

మేం ఎక్కిన రోజు మా ముందు లైన్లో ఒక తెలుగు కుటుంబం ఉంది. కొడుకూ కోడలికి గ్రీన్‌కార్డులు, పిల్లలు అక్కడే పుట్టారు, పెద్దవాళ్లిద్దరికీ మాత్రం అమెరికా వీసా ఒక్కటే. కౌంటర్ దగ్గర ఆపేస్తే ఆ పెద్దావిడ "మీరెళ్లండ్రా, మేం ఇంటికెళ్లిపోతాం" అంటోంది, పాపం ఇల్లు ఎటువైపో కూడా ఆవిడకి తెలీదు. చివరికి ఆరుగురూ సూట్‌కేసులు లాక్కుంటూ వెనక్కి వెళ్లిపోయారు.

కాబట్టి వీసా అప్లికేషన్ ఇండియాలో ఉండగానే పెట్టేయండి. ఫీజు మనిషికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకి ఇంకో 85. ఎంతకాలం పడుతుందో ఒక్కో సీజన్లో ఒక్కోలా ఉంటుంది గనక టికెట్టు కంటే ముందు వీసా సంగతి చూసుకోవాలి, మనం ఎప్పుడూ తిరగేసి చేస్తాం. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు, కార్డు రెండూ ఒరిజినల్స్ ఉంటే చాలు. హెచ్1బి ఉద్యోగ వీసా వాళ్లకి మాత్రం కావాలి, "మాకు అమెరికా స్టాంపింగ్ ఉందిగా" అంటే కెనడా వాడికి పట్టదు. ఇంకొకటి, క్రూజ్ అయి సియాటెల్‌లో దిగగానే మళ్లీ కొత్తగా ఆరు నెలలు ఉండనిస్తారని లెక్కలు వేసుకోవద్దు. దిగాక ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపించే రికార్డు) వెబ్‌సైట్లో మీ పేరు మీద ఏ తేదీ ఉందో చూసుకుని ఆ లోపల ఇండియా ఫ్లైట్ ఎక్కేయండి.

ప్రశ్న: అక్కా, అత్తగారు గుడ్డు కూడా ముట్టరు. చిన్న రైస్ కుక్కర్, పులిహోర, ఆవకాయ పట్టుకెళ్లొచ్చా? (గుంటూరు కోడలు, ప్రస్తుతం ఆస్టిన్)

కుక్కర్ వద్దమ్మా. ఓడలో అందరూ భయపడేది మంటకి, అందుకని కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె లాంటి వేడెక్కే సామాన్లు స్కానింగులో పట్టేసి ఆఖరి రోజున తిరిగిస్తారు. ఎక్స్‌టెన్షన్ బాక్సులదీ అదే గతి. మా ఓడలో దిగే రోజు ఆ సామాన్లు పెట్టిన బల్ల చూశాను, కుక్కర్లు బారులు తీరి పెళ్లిలో చదివింపుల బల్లలా ఉంది.

ఇంట్లో వండిన పులిహోర కూడా రానివ్వరు. ఫ్యాక్టరీ సీల్ ఉన్న ప్యాకెట్లకి మామూలుగా అభ్యంతరం పెట్టరు, అందుకని షాపులో కొన్న చిన్న ఆవకాయ ప్యాకెట్లు, కారప్పొడి, సీలు తియ్యకుండా తీసుకెళ్లండి. అమ్మమ్మ జాడీలోంచి తీసి డబ్బాలో కుక్కింది మాత్రం కాదు, అది ఎంత బాగున్నా సరే.

తిండికి ఇబ్బంది పడరు. బఫేలో రోజూ తెల్లన్నం, ఏదో ఒక పప్పో కూరో ఉండేవి మాకు, ఉప్పు కారం మనవి కావు అంతే. పొద్దున బ్రేక్‌ఫాస్ట్ దగ్గర ప్లెయిన్ యోగర్ట్ ఉంటుంది, మా అమ్మ రెండు కప్పులు తెచ్చి రూములో చిన్న ఫ్రిజ్‌లో పెట్టేది, రాత్రికి పెరుగన్నం. అసలు చిట్కా ఏంటంటే మొదటి రాత్రే పెద్ద డైనింగ్ హాల్లో కూర్చుని హెడ్ వెయిటర్‌ని పిలిచి ఈవిడ శాకాహారం, గుడ్డు వద్దు, ఇండియన్ ఫుడ్ కావాలి అని చెప్పెయ్యడం. కిచెన్లో మనవాళ్లు చాలామందే పనిచేస్తుంటారు, రేపటికి ఏం కావాలో ముందురోజు అడిగి మరీ చేసిపెడతారు. బఫేకే తిరిగేవాళ్లకి ఈ సంగతి తెలీక వారమంతా బ్రెడ్డూ పళ్లూ తిని బతుకుతారు. సూపుల దగ్గర మాత్రం జాగ్రత్త, పేరు టమాటా అయినా చికెన్ నీళ్లతో చేసుంటారు, అడగండి.

రేవులో దిగేటప్పుడు పళ్లు, శాండ్‌విచ్‌లు సంచిలో వేసుకోవద్దు, ముఖ్యంగా విక్టోరియాలో, మళ్లీ సియాటెల్‌లో.

ప్రశ్న: అడగడానికి మొహమాటంగా ఉంది, బాత్రూములో నీళ్లు... (పేరూ ఊరూ రాయలేదు, ఇలాంటి ఉత్తరాలు తొమ్మిది)

టాయిలెట్ దగ్గర ఉండవు. టిష్యూ కాగితమే. ఖాళీ ప్లాస్టిక్ మగ్గు ఒకటి సూట్‌కేసులో పడేసుకోండి, బరువుండదు, ఎవరూ అడగరు. పిచికారీ మూతతో ట్రావెల్ బాటిల్స్ కూడా అమ్ముతారు. బాత్రూము బాగా చిన్నది, నేల తడిస్తే జారుతుంది, పెద్దవాళ్లకి చెప్పి ఉంచండి. ఇంకోటి, అది విమానంలోలా గాలితో లాగేసే టాయిలెట్, వాళ్లిచ్చిన కాగితం తప్ప ఇంకేది వేసినా మీతోపాటు పక్క రూములవాళ్లకి కూడా పనిచెయ్యడం మానేస్తుంది. కుళాయి నీళ్లు తాగొచ్చు, బాటిల్ నీళ్లు కొనక్కర్లేదు.

ప్రశ్న: నాకు బస్సులోనే వాంతులు. ఓడలో బతుకుతానా? (పాడేరు ఘాట్ రోడ్డు బాధితురాలు అని సంతకం పెట్టారు)

ఘాట్ రోడ్డు దాటినవాళ్లకి ఓడ పెద్ద లెక్క కాదండీ. ఓడకి రెండు పక్కలా నీళ్లలో రెక్కలుంటాయి, ఊగుడు చాలావరకు అవే ఆపుతాయి. కానీ ఒకటి చెప్పాలి, అలాస్కా ఓడలన్నీ దీవుల మధ్య ప్రశాంతమైన నీళ్లలోనే వెళ్తాయని బ్రోషర్లలో రాస్తారు, కెనడాలోని వాంకూవర్ ఊరి నుంచి బయల్దేరేవాటికి అది చాలావరకు నిజమే, సియాటెల్ నుంచి వెళ్లేవి మాత్రం తరచూ వాంకూవర్ దీవికి పడమటి వైపు నుంచి, అంటే తెరిచి ఉన్న పసిఫిక్‌లోంచి వెళ్తాయి, దానివల్ల వెళ్లేటప్పుడు ఒక రోజు వచ్చేటప్పుడు ఒక రోజు ఊపు తెలుస్తుంది. మధ్యలో మళ్లీ చెరువులా ఉంటుంది.

రూము కింది అంతస్తులో, ఓడ మధ్యలో తీసుకోండి, ఉయ్యాల చివర కంటే మధ్యలో తక్కువ ఊగుతుంది కదా అదే లెక్క. మాత్ర వాంతి వచ్చాక కాదు, ఓడ కదలకముందే వేసుకోవాలి. అవోమిన్ లాంటివి మనకి తెలిసినవే, కానీ గ్లాకోమా అనే కంటి జబ్బు, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లు డాక్టర్ని అడక్కుండా వేసుకోవద్దు, చెవి వెనక అంటించే ప్యాచ్ అయినా అంతే. అల్లం మురబ్బా, బయట గాలి, దూరంగా ఆకాశం కలిసే గీత మీద చూపు, ఇవి మా అమ్మకి పనిచేశాయి. ఖాళీ కడుపుతో మాత్రం ఉండొద్దు.

ప్రశ్న: బాల్కనీ రూముకి మనిషికి ఐదొందల డాలర్లు ఎక్కువంటున్నారు. తీసుకోవాలా? (న్యూజెర్సీ)

నా మాటైతే వద్దు. చలికి మేం బాల్కనీలో మొత్తం మీద గంటన్నర కూర్చున్నామేమో. గ్లేసియర్ దగ్గర ఓడని మెల్లగా గుండ్రంగా తిప్పుతారు, పై డెక్ మీద నుంచుంటే రెండు వైపులా కనిపిస్తుంది, గ్లేసియర్ బే అనే చోటికి వెళ్లే ఓడ అయితే అక్కడి నేషనల్ పార్క్ రేంజర్లు ఓడెక్కి మైకులో వివరిస్తారు కూడా. ఆ ఐదొందలూ అలాస్కా రేవుల్లో, జూనోలో తిమింగలాలు చూపించే పడవకో, స్కాగ్‌వేలో కొండ రైలుకో పెట్టండి. ఆ రైలు బంగారం కోసం జనం ఎగబడ్డ రోజుల్లో 1898లో మొదలుపెట్టి 1900కి పూర్తి చేసిన లైను, అరకు రైలు ఎక్కినవాళ్లకి ప్రాణం లేచొస్తుంది. వానకి సరిపడా జాకెట్ ఉండాలి, కెచికాన్ అనే ఇంకో రేవులో వాన పడని రోజు దొరకడం మన అదృష్టం.

ప్రశ్న: నాన్నగారికి షుగర్, ఇన్సులిన్. అమ్మకి మోకాళ్లు. ఏం జాగ్రత్తలు? (హైదరాబాద్)

మందులు చేతి సంచిలోనే. ఎక్కేటప్పుడు పెద్ద బ్యాగులు పోర్టరుకి ఇచ్చేస్తాం, అవి రూముకి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది, ఒక్కోసారి రాత్రి. ఇన్సులిన్‌కి ఫ్రిజ్ కావాలని, వాడిన సూదులు పడెయ్యడానికి డబ్బా కావాలని ముందే చెప్పండి. అమ్మగారికి వీల్‌చైర్ బుకింగ్‌తోపాటే అడగండి, ఎక్కే రోజు లైన్లు చాలా పెద్దవి. ఓడ ఒడ్డుకి ఆనకుండా చిన్న పడవల్లో దింపే రేవులు కొన్ని ఉంటాయి, అక్కడ వీల్‌చైర్‌తో దిగనివ్వకపోవచ్చు, మీ రూట్‌లో అలాంటిది ఉందేమో కనుక్కోండి.

ఓడలో డాక్టరుంటారు, బిల్లు మాత్రం తిన్నగా మీ రూము ఖాతాలో పడుతుంది. పెద్దవాళ్లకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ అమెరికా నేల దాటాక, ఓడ మీద, హెలికాప్టర్‌లో ఆస్పత్రికి తీసుకెళ్లాల్సొస్తే పనిచేస్తుందా అని ఫోన్ చేసి కాదు, మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

కడుపు జబ్బుల గురించి కూడా ఇద్దరు ముగ్గురు అడిగారు. బఫే గుమ్మంలో శానిటైజర్ పెడతారు గానీ ఓడల్లో పాకే నోరోవైరస్‌కి అది సరిగా పనిచెయ్యదు, సబ్బూ నీళ్లే. భోజనానికి ముందు చేతులు కడుక్కోవడం మన పెద్దవాళ్లకి కొత్తగా నేర్పక్కర్లేదు లెండి, పిల్లలకి చెప్పండి.

ప్రశ్న: ఫోన్లు పనిచేస్తాయా? (విజయవాడ)

రేవుల్లో పనిచేస్తాయి. ఓడ కదలగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రం ఆన్ చెయ్యండి. పెట్టకపోతే ఓడ సొంత సిగ్నల్ పట్టుకుని నిమిషానికి ఇన్ని డాలర్లని బిల్లు పడుతుంది. మా నాన్న సముద్రం మధ్యలోంచి తమ్ముడికి ఫోన్ చేసి "ఇక్కడ చలిగా ఉందిరా" అన్న మాటకి మాకైన బిల్లుతో ఓ స్వెట్టర్ వచ్చేది. ఓడ కంపెనీ యాప్ ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి, దానికి ఇంటర్నెట్ ప్యాకేజీ కొనక్కర్లేదు, ఆ రోజు ఏమేం ఉన్నాయో అందులోనే చూడొచ్చు.

ప్రశ్న: రోజూ టిప్పు అని కోస్తారట. తీసెయ్యమనొచ్చా? (డాలస్)

అడగొచ్చు, తీసేస్తారు. మనిషికి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్లు, నలుగురికి వారానికి ఐదొందలకి అటూ ఇటూగా అవుతుంది, అందుకని బుక్ చేసేటప్పుడే లెక్కలో వేసుకోండి, ఆఖర్న గుండె ఆగదు. రోజూ రూము సర్దే కుర్రాడి జీతం చాలావరకు అందులోంచే, కాబట్టి నేనైతే తీయించను.

ప్రశ్న: లైఫ్ జాకెట్ డ్రిల్‌కి వెళ్లకపోతే ఏమవుతుంది? (పుణె)

పేరు పెట్టి పిలుస్తారు, వెళ్లేదాకా వదలరు. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయి 32 మంది పోయారు, ఆ రోజే ఎక్కిన వందలమందికి అప్పటికింకా డ్రిల్ కాలేదు. అప్పట్నుంచే ఓడ కదలకముందే అయిపోవాలని గట్టిగా పట్టుబడుతున్నారు. ఇప్పుడు చాలా ఓడల్లో యాప్‌లో వీడియో చూసి మీ స్టేషన్ (ప్రమాదం వస్తే మీరు చేరాల్సిన చోటు) దగ్గర రూము కార్డు గీకొస్తే సరి, పది నిమిషాల పని. ఏడు పొట్టి కూతలు ఒక పొడుగు కూత వినిపిస్తే ఆ స్టేషన్‌కి పరిగెత్తాలి. పెద్దవాళ్లకి ఇంగ్లీషు వీడియో అర్థం కాదు, మీరు తెలుగులో చెప్పి ఒకసారి ఆ మెట్ల దారిన నడిపించి చూపించండి.

ప్రశ్న: ఇంత దూరం ఎందుకు, మన విశాఖ నుంచి ఓడ లేదా? (అనకాపల్లి)

ఉంది, కానీ మన ఆర్టీసీ బస్సులా రోజూ కాదు. 2022 జూన్‌లో కార్డీలియా అనే క్రూజ్ కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడ మొదటిసారి విశాఖ వచ్చింది, చెన్నై, పుదుచ్చేరి కలిపి తిప్పారు. 2023 సెప్టెంబరులో పోర్టులో క్రూజ్ టెర్మినల్ కూడా తెరిచారు. ఏ నెలలో ఎన్ని ట్రిప్పులు వేస్తారో సీజన్‌ని బట్టి మారుతుంది, కంపెనీ దగ్గర కనుక్కోవాల్సిందే. దేశం దాటని ట్రిప్పు కాబట్టి వీసా గొడవ లేదు, ఆధార్ లాంటి ఫోటో కార్డు సరిపోతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు, పడుతుందో లేదో అని భయపడేవాళ్లు రెండు మూడు రాత్రులు దీంట్లో చూసుకుని తర్వాత పెద్దవాటి సంగతి ఆలోచించడం మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న: రేవులో దిగి తిరిగి రావడం ఆలస్యమైతే ఆగుతారా? (బెంగళూరు)

ఆగరు. ఓడ కంపెనీ టూర్ బస్సులో వెళ్తే ఆ బస్సు కోసం చూస్తారు, మీరు సొంతంగా వెళ్తే మీ పాట్లు మీవి. జూనోకి బయటి ఊళ్ల నుంచి రోడ్డు కూడా లేదు, ఓడ పోతే విమానమో, ఫెర్రీ పడవో పట్టుకోవాల్సిందే. అలాస్కా టైము సియాటెల్ కంటే గంట వెనక, ఓడ ఏ టైము పాటిస్తుందో అదే లెక్క, గడియారం దానికి మార్చుకోండి. మా నాన్న వారమంతా ఇండియా టైమే పెట్టుకున్నాడు, అడిగితే "ఇప్పుడు మీ బాబాయి కాఫీ తాగుతుంటాడు" అని చెప్పేవాడు తప్ప ఓడ ఎప్పుడు బయల్దేరుతుందో చెప్పేవాడు కాదు.

ప్రశ్న: దిగే రోజు ఎలా ఉంటుంది? (కాకినాడ)

ముందురోజు రాత్రి పెద్ద బ్యాగులకి ట్యాగులు కట్టి రూము బయట పెట్టేయాలి, పొద్దున రేవులో తీసుకోవాలి. పాస్‌పోర్టులు, మందులు, పొద్దున వేసుకునే బట్టలు బయట ఉంచుకోండని నేను అందరికీ చెప్పాను. నాన్న తలూపి, శ్రద్ధగా ప్యాంట్లన్నీ మడతపెట్టి సూట్‌కేసులో సర్ది తాళం వేసి బయటపెట్టి పడుకున్నాడు. సియాటెల్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసర్ ముందుకి మా నాన్న వెళ్లింది గళ్ల లుంగీ మీద జాకెట్‌తో. ఆఫీసరు పాస్‌పోర్టు చూసి, లుంగీ చూసి, "ట్రిప్ బాగుందా" అని మాత్రం అడిగి పంపించేశాడు.