రేటింగ్ తగ్గిందని కొడుకు కోప్పడుతున్నాడు, నన్ను నేను ఎలా మార్చుకోవాలి?

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. నాకు 56 ఏళ్లు. మావారు రిటైరయ్యారు. ఇల్లు నా పేరు మీద ఉంది. పై అంతస్తు ఖాళీగా ఉంటోందని, బెంగళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి దాన్ని ఎయిర్‌బీఎన్‌బీలో (ఇళ్లు, గదులు రోజుల లెక్కన అద్దెకిచ్చే యాప్) పెట్టాడు. ఖాతా వాడిదే. డబ్బు వాడికే వెళుతుంది, నెలనెలా మాకు కొంత పంపుతాడు. తాళాలివ్వడం, దుప్పట్లు ఉతకడం, బాత్రూములు కడగడం అన్నీ నేనే. దసరాకి నలుగురమని బుక్ చేసుకుని తొమ్మిది మంది దిగారు. కుదరదన్నాను. 'రివ్యూ రాయాల్సింది మేమే కదండీ' అన్నారు. భయపడి చాపలు, దిండ్లు ఇచ్చాను. అయినా మూడు స్టార్లే వేసి, వేడినీళ్లు సరిగ్గా రాలేదని, ఇంటావిడ ముఖం మాడ్చుకుందని రాశారు. అంతకుముందు వచ్చిన ఆరు రివ్యూలూ ఐదు స్టార్లవే. సూపర్‌హోస్ట్ (అతిథుల్ని బాగా చూసుకునేవాళ్లకు ఆ సంస్థ ఇచ్చే గుర్తింపు) వచ్చేది కాస్తా పోయిందని మా అబ్బాయి, 'నవ్వుతూ మాట్లాడితే నీ సొమ్మేం పోయిందమ్మా' అన్నాడు. అప్పటి నుంచి ఫోన్ మోగితే గుండె దడ. రాత్రి రెండింటికి లేచి రివ్యూలు చూస్తున్నాను. ఎవరైనా వస్తారేమోనని మా చెల్లెలి మనవరాలి బారసాలకీ వెళ్లలేదు. మావారు మూసేయమంటారు, అబ్బాయి వద్దంటాడు. నా తీరు ఎలా మార్చుకోవాలో చెప్పండి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చివరి వాక్యం నన్ను బాధపెట్టింది. మాట తప్పి తొమ్మిది మంది దిగింది వాళ్లు. బెదిరించింది వాళ్లు. ఏం జరిగిందని అడగకుండా మాట అనేసింది మీ అబ్బాయి. మారాల్సింది మాత్రం మీరేనని మీకు మీరే తీర్పు చెప్పేసుకున్నారు. ఆ తీర్పుతో నేను ఏకీభవించను.

మిమ్మల్ని భయపెడుతున్న ఆ అంకెనే ముందు చూద్దాం. ఆరుగురు ఐదేసి స్టార్లు, ఒకరు మూడు. మొత్తం 33, ఏడుతో భాగిస్తే 4.7. సూపర్‌హోస్ట్ గుర్తింపుకి కావాల్సిన సగటు 4.8. ఇంకో ముగ్గురు ఐదేసి ఇస్తే 48, పదితో భాగిస్తే సరిగ్గా 4.8. మీరు నిద్ర మానుకుంటున్న దూరం ఇంతే. పైగా ఆ గుర్తింపుకి ఏడాదిలో పది బసలు కూడా పూర్తవ్వాలి (తక్కువ బసలే అయినా ఎక్కువ రోజులుంటే లెక్క వేరు). అర్హతను మూడు నెలలకోసారి మళ్లీ చూస్తారు. ఈసారి రాకపోతే వచ్చేసారి.

ఈ లెక్క ఎంత ఇరుకైనదో కూడా తెలుసుకోండి. ఒకరు నాలుగు స్టార్లు వేస్తే, సగటు 4.8లో నిలవడానికి నలుగురు ఐదేసి ఇవ్వాలి. మూడు వేస్తే తొమ్మిది మంది కావాలి, ఒకటి వేస్తే పందొమ్మిది మంది. మన పరీక్షల్లో ఐదుకి నాలుగంటే డిస్టింక్షన్. అందుకే మనసారా 'బాగుంది' అనుకుంటూనే నాలుగు నొక్కి వెళ్లేవాళ్లు మనలో చాలామంది ఉంటారు. వాళ్లకు మీ మీద కోపమేం ఉండదు. ఆ నాలుగు మీ సగటును కిందికి లాగుతుందని వాళ్లకు తెలియను కూడా తెలియదు. దసరా రోజుల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం నాడు దుర్గమ్మ కొండ దగ్గర గంటల తరబడి క్యూలో నిలబడి, ట్రాఫిక్ మళ్లింపుల్లో ఇరుక్కుని, కాళ్లు పీకుతూ వచ్చేవాళ్ల చిరాకంతా గీజరు మీద, మీ ముఖం మీద పడుతుంది. ఆ స్టార్లలో మీకు చెందనిది చాలా ఉంది.

అయితే అమ్మా, మీ కష్టానికి మూలం ఈ అంకె కాదని నా అభిప్రాయం. ఇల్లు మీది, చాకిరీ మీది. ఖాతా, డబ్బు, నిర్ణయం మీ అబ్బాయివి. అతిథులు మీ మీద రాసింది ముందు చూసేది కూడా అతనే. తల్లీకొడుకుల మధ్య మీకు తెలియకుండానే యజమాని, పనిమనిషి వరస వచ్చేసింది. 'నవ్వితే నీ సొమ్మేం పోయింది' అన్నమాట అందులోంచే వచ్చింది. మీ అబ్బాయి చెడ్డవాడని నేననడం లేదు. బెంగళూరులో కూర్చున్న అతనికి ఫోన్‌లో అంకె కనిపిస్తుంది. బాత్రూము గచ్చు తోమే మీ నడుం నొప్పి కనిపించదు. దాన్ని చూపించాల్సిన బాధ్యత మీ మీద ఉంది, ఎందుకంటే ఇన్నాళ్లూ మీరు చెప్పలేదు.

చెప్పేటప్పుడు రివ్యూ గురించి సంజాయిషీ ఇవ్వకండి. ఫోన్‌లో కాదు, అతను ఇంటికి వచ్చినప్పుడు కూర్చోబెట్టి ఇలా అనండి: 'నాన్నా, ఆ తొమ్మిది మందితో నేను భయపడ్డాను. నువ్వు ఏం జరిగిందమ్మా అని అడగలేదు, అది నాకు బాధ కలిగించింది. ఈ పని చేయాలంటే నా షరతులు కొన్ని ఉన్నాయి.' బాధతో ఆపేయకుండా షరతుల దాకా వెళ్లండి. బాధ వింటే అతను 'సారీ అమ్మా' అంటాడు, మర్నాటి నుంచి అంతా మామూలే.

మొదటి షరతు డబ్బు. వచ్చే సొమ్ము మీ బ్యాంకు ఖాతాలో పడాలి. ఇల్లు మీ పేరున ఉంది కాబట్టి ఆదాయపు పన్ను సంగతి కూడా ఒకసారి ఆడిటర్‌ని అడగడం మంచిది. కొడుకు దగ్గర డబ్బు మాటెత్తడం మీకు కష్టమని తెలుసు. మన ఇళ్లలో తల్లులు అడగరు. అయినా అడగండి. మీ కష్టార్జితం నెలనెలా 'పంపే డబ్బు'గా మీ చేతికి తిరిగి వస్తున్నంతకాలం, అది పోతుందేమోనన్న భయంతో ప్రతి రివ్యూకీ వణుకుతారు.

రెండోది, యాప్ మీ ఫోన్‌లో కూడా ఉండాలి, క్యాలెండర్ మీ చేతిలో ఉండాలి. మీకు వీలుకాని తేదీలను ముందే మూసేసుకోవచ్చు. ఒప్పుకున్న బుకింగ్‌ని రద్దు చేస్తేనే మీకు చెడ్డపేరు. ఖాళీ తేదీ మూస్తే ఏ మార్కూ తగ్గదు. అంటే బారసాలకి మీరు నిక్షేపంగా వెళ్లి ఉండొచ్చు. ఈ సంగతి మీకు ఎవరూ చెప్పకపోవడం నాకు నిజంగా కోపం తెప్పించింది. అలాగే కొత్తగా అడిగేవాళ్లకి 24 గంటల్లోపు జవాబిస్తే చాలు, వేళకి ఇచ్చినట్టే. రాత్రి తొమ్మిది తర్వాత వచ్చిన ప్రశ్నలకు పొద్దున కాఫీ తాగి జవాబు ఇవ్వండి. పైన బస చేస్తున్నవాళ్లకి అర్ధరాత్రి నిజంగా అవసరం పడితే ఫోన్ చేస్తారు, ఆ నంబరు మీవారిది ఇవ్వండి. మూసేయమనడం ఆయనకు సులువే. ఆలస్యమైన రైలు దిగి వచ్చేవాళ్లకు తాళాలివ్వడం కూడా ఆయన చేయగలరు.

ఇక బెదిరింపు. 'రివ్యూ మేమే రాయాలి కదా' అని భయపెట్టి అదనంగా ఏదైనా రాబట్టుకోవడం ఆ సంస్థ నియమాలకే విరుద్ధం. ఫిర్యాదు చేయొచ్చు. కానీ నోటిమాటకు రుజువుండదు. ఈసారి ఎవరైనా అలా అంటే వాదనకు దిగకండి. వెంటనే యాప్‌లోనే మెసేజ్ పెట్టండి: 'నలుగురికి బుక్ చేశారు, తొమ్మిది మంది వచ్చారు, నలుగురికే అనుమతి.' వాట్సాప్‌లో వద్దు. మీరు కూడా వాళ్ల గురించి 14 రోజుల్లోపు రాయొచ్చు. ఇద్దరూ రాసేదాకా, లేదా గడువు ముగిసేదాకా ఎవరి రాత ఎవరికీ కనపడదు కాబట్టి పగబట్టి తిరిగి రాస్తారన్న భయం అక్కర్లేదు. వాళ్ల రివ్యూ వచ్చి నెల దాటకపోతే దాని కింద రెండు వాక్యాల జవాబు పెట్టండి: 'నలుగురికి ఏర్పాటు చేసిన ఇంట్లో తొమ్మిది మంది ఉన్నారు. గీజరు సామర్థ్యం నలుగురికి సరిపోయేంతే.' అంతకన్నా ఒక్క మాట ఎక్కువ వద్దు. అది ఆ కుటుంబం కోసం కాదు, రేపు చదివి బుక్ చేసేవాళ్ల కోసం.

ముఖం మాడ్చుకున్నారన్న మాట మీకు ఎక్కడ తగిలిందో నాకు అర్థమైంది. ఇంటికొచ్చిన ఎవరికైనా మంచినీళ్లిచ్చి ఆదరించే పెంపకం మీది. ఆ పెంపకమే మిమ్మల్ని 'కుదరదు' అన్న మాట మీద నిలబడనివ్వలేదు. హోటల్లో పనిచేసే అమ్మాయికి డ్యూటీ దిగే వేళ ఒకటుంటుంది. మీ నెత్తిన రోజంతా అతిథులే. మోసపోయి, భయపడి, చాపలు మోస్తున్న మనిషి ముఖం మాడితే అందులో తప్పేముంది? శుభ్రమైన గది, చెప్పినట్టే ఉన్న సౌకర్యాలు, మర్యాదైన మాట. మీరు బాకీ ఉన్నది ఇంతవరకే.

నిద్ర విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వారం రోజులు ఫోన్‌ని పడకగదిలో కాకుండా హాల్లో పెట్టి చూడండి. అయినా మెలకువ వస్తున్నా, దడ తగ్గకపోయినా ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. ఈ వయసులో బీపీ, థైరాయిడ్ కూడా ఇలాగే కనిపించొచ్చు. దిగులు ఎవరితోనైనా చెప్పుకోవాలనిపిస్తే టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మూసేయాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చకండి. మీ షరతులతో ఒక మూడు నెలలు నడపండి. ఆ తర్వాత ముగ్గురూ కూర్చుని ఒక పక్క వచ్చిన డబ్బు, ఇంకో పక్క కరెంటు బిల్లు, సబ్బులు, రిపేర్లు రాయండి. పక్క వీధిలో అలాంటి పోర్షన్‌కి నెల అద్దె ఎంత వస్తోందో కనుక్కుని దాన్నీ పక్కన రాయండి. మీ పనికి కూడా ఒక ధర కట్టండి. అదే చాకిరీకి బయటి మనిషిని పెట్టుకుంటే నెలకు ఎంతివ్వాల్సి వస్తుందో అంత. అది ఖర్చుల్లోకి ఎక్కకుండా ఎవరు ఏ లెక్క చూపించినా ఒప్పుకోకండి.